కాటుక పట్టని మంట

గుమ్మఘట్ట వైపు పల్లెల్లో రాత్రి నాటకమంటే, తెర లేవకముందే మాకు అసలు ఆట మొదలయ్యేది. పెట్రోమాక్స్ లైటు ముట్టించే పెద్దాయన చుట్టూ మూగేవాళ్లం. గిన్నెలో స్పిరిట్ పోసి అంటించి, గొట్టం కాగాక గాలి కొట్టేవాడు. బుస్సుమనేది. మాంటిల్ ఎర్రబడి, తెల్లబడి, కళ్లు చెదిరేలా వెలిగేది. "దూరం జరగండ్రా, మాంటిలు రాల్తాది!" అని కసిరేవాడు.

ఇంతకీ మంటకు వెలుగెక్కడిది? కాటుక పట్టిన అవ్వలకు సగం జవాబు తెలుసు. ఆముదం దీపం మీద బోర్లించిన పళ్లేనికి అంటేది సగం కాలిన నూనె విడిచిన బొగ్గు రేణువులు. పళ్లేనికి తగలకముందు అవే మంటలో, 1200 డిగ్రీల సెల్సియస్ వేడికి, కొలిమిలో ఇనుములా పచ్చగా మెరుస్తుంటాయి. మనం దీపకాంతి అనేది కాలుతున్న కాటుకనే! 1860 చివర్లో లండన్‌లో మైకేల్ ఫారడే కొవ్వొత్తి చూపించి పిల్లలకు ఈ సంగతే చెప్పాడు.

ఇంధనంలో ముందే గాలి కలిపితే మసి పుట్టదు. గ్యాసు పొయ్యి మీద కాటుక పట్టబోతే పళ్లెం కాలుతుందంతే. ఆ పొయ్యి మంటలోని మసక నీలం, క్షణంపాటు పుట్టి పోయే అణువుల ముక్కలు విడిచే కాంతి. వేడి బోలెడు, వెలుగు కాస్త.

జర్మనీలో బున్సెన్ తన బర్నర్‌తో సరిగ్గా ఇలాంటి మంటనే చేశాడు. గురువు మంటలోంచి తీసేసిన వెలుగును శిష్యుడు తిరిగి తెచ్చాడు. ఆ శిష్యుడు, ఆస్ట్రియా వాడైన కార్ల్ ఆవర్, 1885లో లవణాల నీళ్లలో ముంచిన నూలు సంచికి, అంటే మాంటిల్‌కు, పేటెంటు తీసుకున్నాడు. మంటలో నూలు కాలిపోతుంది, ఆక్సైడు బూడిద గూడులా నిలుస్తుంది. కానీ వెలుగు ఆకుపచ్చగా ఉండేది, గూడు ఇట్టే రాలేది. 1889లో ఆయన మాంటిళ్ల కర్మాగారం మూతపడింది. పట్టు వదలని ఆవర్ 1891లో కొత్త పాళ్లు కనిపెట్టాడు: థోరియం ఆక్సైడ్ 99, సీరియం ఆక్సైడ్ 1. థోరియం ఒక్కటే అయితే పెద్దగా వెలగదు. అయితే వేడిని పరారుణ కిరణాలుగా వృథా చేయదు కనుక బాగా కాగుతుంది. ఆ వేడిని కంటికి కనిపించే వెలుగుగా మార్చేది ఆ ఒక్క పాలు సీరియమే. పప్పులో ఉప్పులాగే, ఎక్కువైతే చెడుతుంది.

ఆ మాంటిల్ నగరాల్లో గొట్టపు గ్యాసుతో వెలిగింది. గ్యాసు గొట్టం లేని మాలాంటి ఊళ్లకు దారి చూపింది బెర్లిన్‌లో మాక్స్ గ్రెట్జ్: 1910 ప్రాంతంలో కిరసనాయిలునే ఒత్తిడితో ఆవిరి చేసి మండించాడు. ఇక మాంటిల్‌కు కావలసిన థోరియమిచ్చే మోనజైట్ ఇసుక 1909లో తిరువాన్కూరు తీరంలో బయటపడింది. మన భీమునిపట్నం ఒడ్డునా ఉంది.

ఒక రాత్రి, దుర్యోధనుడు గద ఎత్తాడు. వేదవతి నది మీది గాలికి లైటు ఊగింది, మాంటిల్ రాలింది. మంట ఆరలేదు. బుస్సుమంటూ నీలంగా మండుతూనే ఉంది. దుర్యోధనుడే కనిపించలేదు.