అప్పగించవలసినవి, అప్పగించరానివి

చేవెళ్ల, మొయినాబాద్‌ల మీదుగా సాగే బీజాపూర్ రహదారి వెంట పల్లెల నుంచి పంటినొప్పితో బయలుదేరిన ఒక కూలీని ఊహించుకుందాం. దంత వైద్యశాల బల్లపై గంటల తరబడి కూర్చుంటే అతనికి ఆనాటి కూలి పోయినట్లే. లోపల వైద్యుడు ఖాళీగా లేడు. పన్ను చూస్తూనే ఫోను ఎత్తుతాడు, రశీదు వ్రాస్తాడు, పనిముట్లు వెదుకుతాడు. రాత్రి ఇల్లు చేరేసరికి పిల్లలు నిద్రపోయి ఉంటారు. రోగి హక్కూ, కుటుంబం హక్కూ రెండూ నెరవేరలేదు. లోపం శ్రమలో లేదు. పనిని పంచకపోవడంలో ఉంది.

మన దేశంలో ఆధునిక దంత వైద్యవిద్యకు పునాది వేసిన డాక్టర్ రఫీయుద్దీన్ అహ్మద్ 1920లో కలకత్తాలో దంత వైద్య కళాశాలను స్థాపించారు. తన నైపుణ్యం తనతోనే ఆగిపోకుండా మరెన్నో చేతులను సిద్ధం చేశారు. 1948 నాటి దంతవైద్యుల చట్టం సైతం దంత వైద్యులను, డెంటల్ హైజీనిస్టులను, డెంటల్ మెకానిక్‌లను వేర్వేరుగా గుర్తించింది. పని పంపకం ఈ వృత్తికి కొత్తది కాదు.

పేర్ల నమోదు, వంతుల నిర్వహణ, పనిముట్ల శుద్ధి, చికిత్స వేళ నోటిలోని నీటిని గొట్టంతో తీసివేయడం, బ్రష్ చేసే పద్ధతి నేర్పడం శిక్షణ పొందిన సహాయకులు చేయగలరు. వ్యాధి నిర్ధారణ, మత్తు సూది, పన్ను తీయడం, మందుల చీటీ మాత్రం వైద్యుడి చేతిలోనే ఉండాలి. మధుమేహం, రక్తపోటు, రక్తాన్ని పలుచన చేసే మందుల వివరాలను సహాయకులు వ్రాసుకున్నా, సూదికి ముందు వైద్యుడు స్వయంగా మరల అడగాలి.

అప్పగించడమంటే వదిలివేయడం కాదు. ఆటోక్లేవ్‌లో 121 డిగ్రీల ఆవిరి కనీసం 15 నిమిషాలు నిలవాలి. తొందరపడి ముందే తెరిస్తే ఒకరి హెపటైటిస్-బి మరొకరికి సోకవచ్చు. కనుక ముందు చేసి చూపాలి, తరువాత చేయించాలి, ప్రతిరోజూ సరిచూడాలి. పని చేతులు మారినా అమానత్ బాధ్యత వైద్యుడిదే.

ఇలా చేతులు ఖాళీ అయితేనే మనసు నిలుస్తుంది. వెంట్రుకవలె సన్నని నాళాలను శుభ్రపరచే రూట్ కెనాల్ వేళ ఫోను గది బయటే ఉండాలి. దీర్ఘ చికిత్సలకు ఒక వేళ కేటాయించి, హఠాత్తుగా నొప్పితో వచ్చేవారికి కొంత వ్యవధి విడిచి ఉంచాలి.

అప్పుడు ఆ కూలీ మధ్యాహ్నానికైనా పనికి చేరగలడు. వైద్యుడు పిల్లలు మేలుకొని ఉండగానే ఇల్లు చేరగలడు.