ఇంజను రోగనిర్ణయము

వైద్యుడు నాడి చూడక మందీయడు. మోటారు పనికిని అదియే నియమము. నేను ఈ విద్యను చౌకగా దొరకిన పాత మారుతి 800 కారుపై అభ్యసించితిని. 1983లో ప్రారంభమై 2014లో తయారీ నిలిచిన ఆ కారునకు సిలిండర్లు మూడు. ఇంజను కుంటుచున్నచో దానిని ఆపి, ఒక స్పార్కు ప్లగ్గు తీగను ఊడదీసి, క్షణకాలము నడిపి చూడవలెను. అప్పుడు తీగను ముట్టరాదు. కుంటుట హెచ్చినచో ఆ సిలిండరు మంచిది. మార్పు లేనిచో దోషము అందే యున్నది. ఇంజను చల్లారిన పిదప ఆ ప్లగ్గును విప్పి చూడుడు. లేత గోధుమవన్నె ఆరోగ్యలక్షణము. పొడిమసి పట్టినచో గాలిలో పెట్రోలు పాలు మిక్కుటమైనదని యర్థము. నూనెతో తడిసినచో పిస్టను రింగులు అరిగినవేమో పరీక్షింపవలెను. మీ కుఱ్ఱవాడు ఈ పని నేర్వగోరినచో చెడిన పాత బండి యొకటి చాలును. కాని కారణము తేలక మునుపు సామాను మార్చనీయకుడు.