కౌలు గడువు - భూమి బాగు

ఒక్క ఏడాదికి కౌలుకు తీసికొన్న చేనికి చెరువు మట్టి తోలించు రైతు ఉండునా? దాని ఫలితము కనబడుసరికి చేను మరియొకరి పాలగును. పదునెనిమిదవ శతాబ్దమున ఇంగ్లండులోని పెద్ద ఎస్టేటులకు ఈ చిక్కే ఎదురయ్యెను. దీనిని కొందరు ఎట్లు తీర్చుకొనిరో మీరు తెలిసికొనదగియున్నది.

ఆ దేశపు తూర్పు భాగమున నార్ఫోక్ సీమలో హోల్కమ్ ఎస్టేటు కలదు. 1776లో థామస్ విలియం కోక్ దానికి యజమాని అయ్యెను. ఆయన కొంత భూమిని స్వయముగా సాగు చేయించుచు, మిగిలినదానిని కౌలుకిచ్చెను. అచ్చటి తేలిక ఇసుక నేలలకు, అడుగు పొరలనుండి త్రవ్వితీసిన సున్నపు పాలుగల బంకమట్టిని తోలుట మేలు. ఇది చాల ఖర్చుతో కూడిన పని. ఫలితము మాత్రము పెక్కేండ్లు నిలుచును. అందుచే కౌలు గడువు సాధారణముగా 21 సంవత్సరములు ఉండెడిది. కొట్టములను యజమాని కట్టించెడివాడు.

దీనికి ప్రతిగా రైతు షరతులకు లోబడవలెను. గడ్డిని, పెంటను బయట అమ్మరాదు. గింజ పైర్లనే వరుసగా వేసి నేలను పీల్చివేయరాదు. నార్ఫోక్‌లో ప్రసిద్ధికెక్కిన నాలుగేండ్ల పంట మార్పిడి ఇది:

1. టర్నిపు దుంప. సాళ్ల మధ్య కలుపు తీసి, చలికాలమున చేనిలోనే గొఱ్ఱెల మంద కట్టి దుంపలు మేపెదరు.
2. బార్లీ. అందులోనే క్లోవరు విత్తనము చల్లెదరు.
3. క్లోవరు. పశువులకు మేత, ఎండుగడ్డి లభించును.
4. గోధుమ.

ఈ పైర్లను కోక్ కనిపెట్టలేదు. అంతకు ముందు శతాబ్దముననే నార్ఫోక్ రైతులు వీనిని ఎరుగుదురు. క్లోవరు మన జనుము, పిల్లిపెసరలవలె పప్పుజాతి మొక్క. దాని వేరు బుడిపెలలోని సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని పట్టి ఉంచును. ఈ సంగతి 1880 దశకమున గాని శాస్త్రజ్ఞులు నిరూపింపలేదు. రైతులు మాత్రము తరువాతి గోధుమ పైరును చూచియే దాని మేలు గ్రహించిరి.

హోల్కమ్‌లో ఏటేట గొఱ్ఱెల ఉన్ని కత్తిరించు వేళ రైతులను పిలిచి, పైర్లను, పశువులను చూపెడివారు. 1821 వరకు ఈ కూటములు జరిగెను.

అయితే ఆ కాలపు అభివృద్ధి అందరికి అందలేదు. ఇంగ్లండులో పెక్కు గ్రామముల ఉమ్మడి బీళ్లను చట్టము ద్వారా పంచి కంచెలు వేయుటతో, అచ్చట ఆవును మేపుకొను హక్కు పోయి పేదలనేకులు ఉత్త కూలీలైరి.

కావున రైతు సోదరులారా, కౌలుకు ఇచ్చినను, తీసికొన్నను రెండు విషయములు ముందే వ్రాసికొనుడు: గడువు ఎన్ని ఏండ్లు? ఏ పైరు తరువాత ఏ పైరు? నేలకు పెట్టిన ఖర్చు తిరిగి వచ్చువరకు చేను తన చేతిలో ఉండునను నమ్మకము ఉన్ననే సాగుదారు నేలను బాగుచేయును.