బుల్లెట్ పుష్ రాడ్డు బిగుసుకుంటే

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని తమ్ముళ్లు అడిగినప్పుడు, మాకు కవితలూ కథలూ రావని చెప్పాం. "మీకు వచ్చిందే రాయండన్నా" అన్నారు. మాకు వచ్చింది బండ్ల పని. ఇదే హాస్టల్లో పదో తరగతి దాకా చదివి, వేసవి సెలవుల్లో నరసరావుపేటలో ఒక మెకానిక్ షెడ్డులో చేరి, ఆ తర్వాత ఐటీఐ చేసినవాళ్లం. మన హాస్టలు నుంచి షెడ్లలో చేరే పిల్లలు ఏటా ఉంటారు కనుక, మమ్మల్ని బాగా ఏడిపించిన ఒక్క పని గురించి రాస్తున్నాం.

పల్నాడు వాళ్లకు బుల్లెట్ గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. 1955లో మద్రాసులో ఎన్‌ఫీల్డ్ ఇండియా మొదలైంది. యాభై ఏళ్లకు పైగా అదే రకం పోత ఇనుము బోరు ఇంజన్‌తో బుల్లెట్ వచ్చింది. మేము చెప్పేది ఆ ఇంజన్ గురించే.

అందులో వాల్వులు పైన హెడ్‌లో ఉంటాయి, వాటిని తెరిచే క్యాములు కింద ఉంటాయి. క్యాము ట్యాపెట్‌ను లేపితే, ట్యాపెట్ పుష్ రాడ్డును లేపుతుంది. రాడ్డు పైనున్న రాకర్‌ను ఒక చివర లేపితే రెండో చివర దిగి వాల్వును నొక్కుతుంది. అచ్చం తక్కెడ కాడ లాగానే. రెండు వాల్వులకు రెండు రాడ్లు. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు, వాల్వు మూసి ఉన్న చోట, రాడ్డును రెండు వేళ్లతో తిప్పితే హాయిగా తిరగాలి, పైకీ కిందికీ మాత్రం ఆడకూడదు. అదీ సెట్టింగు. తిరగకపోతే టైటు అన్నమాట.

ఆ వేసవిలో ఒక రైతు బండికి వాల్వులు గ్రైండింగ్ చేసి హెడ్ ఎక్కించాం. ఎగ్జాస్ట్ రాడ్డు కొంచెం బిగువుగా తిరిగింది. "నడిస్తే అదే సర్దుకుంటుందిలే" అనుకుని మూత బిగించేశాం. బండి స్టార్టయింది, సైలెన్సర్లో అప్పుడప్పుడూ టప్ టప్‌మన్నా వెళ్లిపోయింది. పది రోజులకు ఆయన మాచర్ల రోడ్డు నుంచి బండిని ట్రాక్టరులో వేసుకొచ్చాడు. విప్పి చూస్తే ఎగ్జాస్ట్ వాల్వు అంచు కాలిపోయి ఉంది. వాల్వు తన వేడిని సీటుకు ఆనుకుని ఉన్నప్పుడే వదులుకుంటుంది. రాడ్డు టైటుగా ఉంటే వాల్వు పూర్తిగా మూసుకోదు, సందులోంచి మంట దూరి అంచును తినేస్తుంది. కొత్త వాల్వు ఖర్చు మా కూలిలోంచి పోయింది. అది మేము ఐటీఐ అడ్మిషన్ కోసం దాచుకుంటున్న డబ్బు. హాస్టల్లో మిగతావాళ్లు కాస్మెటిక్ చార్జీలు పోగేసి ఇస్తే ఫీజు కట్టాం. ఆ వ్యాసం బాకీ ఇప్పుడు ఇలా తీరుస్తున్నాం అనుకోండి.

గ్రైండింగ్ చేశాక రాడ్డు ఎందుకు టైటయింది? వాల్వును, సీటును అరగదీస్తే వాల్వు సీట్లోకి ఇంకాస్త లోతుగా కూర్చుంటుంది, దాని కాడ చివర పైకి వస్తుంది. తక్కెడ కాడ అటు లేస్తే ఇటు దిగుతుంది కదా, రాకర్ రెండో చివర రాడ్డును కిందికి నొక్కుతుంది. హెడ్‌ను పాలిష్ కోసం కోయించినా, పాతదానికంటే పలచని గ్యాస్కెట్ వేసినా అదే జరుగుతుంది, హెడ్ మొత్తం కిందికి దిగుతుంది కనుక. అందుకే హెడ్ ఎక్కించే ముందే కింది అడ్జస్టర్లు రెండూ బాగా కిందికి దించి ఉంచాలి. పాత సెట్టింగు మీదే హెడ్ నట్లు బిగిస్తూ పోతే రాడ్డు వంగుతుంది. వంగిందో లేదో అద్దం పలక మీద దొర్లించి చూడండి, తెలిసిపోతుంది.

ఇంకో తప్పు ఇంతకంటే ఎక్కువ మంది చేస్తారు, మేమూ చేశాం. రాడ్డు నిజంగా టైటుగా ఉండదు, పిస్టన్ తప్పు టాప్‌లో ఉంటుంది. ఫోర్ స్ట్రోక్‌లో క్రాంకు రెండు చుట్లు తిరిగితే క్యాము ఒక్క చుట్టే తిరుగుతుంది. కాబట్టి పిస్టన్ రెండు సార్లు పైకొస్తుంది. ఒకటి కంప్రెషన్ టాప్, అప్పుడు రెండు వాల్వులూ మూసి ఉంటాయి. రెండోది ఎగ్జాస్ట్ ముగిసే టాప్, అక్కడ రెండూ కాస్త కాస్త తెరుచుకుని ఉంటాయి. ఆ టాప్‌లో రాడ్లు టైటుగానే ఉండాలి! అక్కడ అడ్జస్టర్ వదులు చేస్తే తర్వాత కట కట మోత, పికప్ ఉండదు.

సరైన టాప్ కనుక్కోవడానికి ప్లగ్గు తీసి, టాప్ గేరులో వేసి వెనక చక్రాన్ని చేత్తో తిప్పండి. ఇన్‌లెట్ రాడ్డు పైకి లేచి మళ్లీ దిగాక వచ్చే టాప్ కంప్రెషన్ టాప్. ప్లగ్గు కన్నం మీద బొటనవేలు పెడితే గాలి తన్నుతుంది కూడా. అక్కడ ఆపి, లాక్ నట్ వదులు చేసి, అడ్జస్టర్‌ను కొంచెం కొంచెం తిప్పుతూ రాడ్డును వేళ్లతో చూసుకోవాలి. లాక్ నట్ బిగించేటప్పుడు అడ్జస్టర్ కదిలిపోతుంది, బిగించాక మళ్లీ చూడకపోతే చేసిందంతా వృథా.

అడ్జస్టర్ మొత్తం దించినా రాడ్డు తిరగలేదా? అప్పుడు రాడ్డును అరగదీయొద్దు. రెండు రాడ్లూ తారుమారయ్యాయేమో చూడండి (విప్పేటప్పుడే దారం కట్టి గుర్తు పెట్టుకుంటే ఈ బాధ ఉండదు). రాడ్డు చివర గుంటలో కూర్చోకుండా అంచు మీద నిలబడి ఉండొచ్చు. రాకర్ బ్లాకుల మూతలు ఒకదానిది ఇంకోదానికి వేస్తే రాకరే పట్టేస్తుంది, రాడ్డు తీసేసి రాకర్‌ను ఒట్టి చేత్తో ఊపితే అది బయటపడుతుంది. అన్నీ సరిగ్గా ఉంటే చివరికి టైమింగ్ పళ్ల మీది గుర్తులు విప్పి చూడాల్సిందే.

2008 నుంచి వచ్చిన యూసీఈ ఇంజన్లలో పుష్ రాడ్లున్నా ట్యాపెట్లు హైడ్రాలిక్, ఆయిల్ ప్రెషర్‌తో అవే సర్దుకుంటాయి. వాటిలో బిగించగానే టైటుగా అనిపిస్తే కంగారు పడకుండా కాసేపు వదిలేయాలి, లోపలి ఆయిల్ కారి దిగుతుంది. ఈలోగా కిక్ కొట్టొద్దు. 2023లో వచ్చిన కొత్త బుల్లెట్‌లో క్యాము హెడ్‌లోకే వెళ్లిపోయింది, పుష్ రాడ్లే లేవు.

పాత బండి పని అయ్యాక ఒకసారి నడిపి, రాత్రంతా చల్లారనిచ్చి, తెల్లారి మూత తీసి రాడ్లు మళ్లీ తిప్పి చూడండి. కొత్త గ్యాస్కెట్ అణిగి హెడ్ కాస్త దిగుతుంది. సాయంత్రం హాయిగా తిరిగిన రాడ్డు పొద్దున్నే మొరాయించడం మేము చాలాసార్లు చూశాం.