ఆర్ల్ బిషప్పు సిజేరియస్: సంఘ ఆస్తి, వాక్య పరిచర్య

ఆరవ శతాబ్దపు నాయకులలో బెనెడిక్టు, మహా గ్రెగొరీల పేర్లు మనకు పరిచితములే. అదే శతాబ్దములో గాల్ దేశమందలి (నేటి ఫ్రాన్స్) ఆర్ల్ పట్టణములో 40 సంవత్సరములు బిషప్పుగా ఉండిన సిజేరియస్‌ను మనము అంతగా ఎరుగము. సంఘ ఆస్తి ఎవరి కొరకు? వాక్యము ఎవరు బోధింపవచ్చును? ఈ రెండు ప్రశ్నల వెలుగులో ఆయన జీవితమును పరిశీలింతము.

జీవిత నేపథ్యము

సిజేరియస్ సుమారు క్రీ.శ. 470లో షాలోన్ ప్రాంతములో జన్మించెను. యౌవనమందే లెరిన్స్ ద్వీపములోని మఠములో చేరి, 502లో ఆర్ల్ బిషప్పు ఆయెను. ఆ పట్టణమును మొదట విసిగోతులు, తరువాత ఆస్ట్రోగోతులు, 536 నుండి ఫ్రాంకులు ఏలిరి. గోతు రాజులు ఏరియను మతస్థులు. రాజద్రోహ నేరము మోపబడి ఆయన 505లో బోర్డోకు వెళ్లగొట్టబడెను. నిర్దోషిగా తిరిగి వచ్చి, 506లో అగ్దె సభకు అధ్యక్షత వహించెను.

ఆయన మరణించిన కొద్ది సంవత్సరములకే సహచరులు ఆయన చరిత్రను వ్రాసిరి. అది ప్రశంసాపూర్వకమైన రచన కాబట్టి దానిని వివేచనతో చదువవలెను. అయితే ఆయన ప్రసంగములు, సభల తీర్మానములు మనకు వేరుగా లభించుచున్నవి.

బందీలు, వెండి పాత్రలు

508లో ఆర్ల్ ముట్టడి ముగిసిన పిమ్మట గోతులు అనేకులైన శత్రు బందీలను పట్టణములోనికి తెచ్చిరి. సిజేరియస్ వారికి అన్నవస్త్రములిచ్చి, ఆలయపు వెండిని, ఆరాధన పాత్రలను సహా అమ్మి, వారిని విడిపించెనని ఆయన చరిత్ర చెప్పుచున్నది. విడిపింపబడినవారు తన పట్టణముపై దండెత్తిన పక్షమువారని గమనింపవలెను. 513లో రవెన్నాలో థియోడొరిక్ రాజు ఆయనకు వెండి పళ్లెమును, 300 బంగారు నాణెములను బహూకరించెను. ఆయన ఆ పళ్లెమును కూడ అమ్మించి బందీలను విడిపించెను.

ప్రసంగీకుడు

ఆయనవిగా గుర్తింపబడిన ప్రసంగములు 200కు పైగా ఉన్నవి. అవి చిన్నవి, సామాన్య జనుల భాషలోనివి. చదువురాని వర్తకులు లెక్కల కొరకు చదువరులను జీతమునకు పెట్టుకొందురు గదా, అటువంటివారు లేఖనములను చదివించుకొని వినలేరా అని ఆయన వాదించెను. సుమారు 512లో తన సోదరి సిజేరియా కొరకు స్థాపించిన కన్యకల మఠములో అందరును చదువు నేర్వవలెనని నియమించెను.

ఆ కాలములో ప్రసంగించుట ముఖ్యముగా బిషప్పుల పని. 529 నాటి వేజోన్ సభ గ్రామ సంఘముల ప్రెస్బిటర్లకు కూడ ఆ అధికారమిచ్చెను. ప్రెస్బిటరు రోగియైనయెడల డీకను పితరుల ప్రసంగములను చదువవలెను. సువార్త చదువుటకు యోగ్యుడైన డీకను దాని వివరణ చదువుటకు ఏల అయోగ్యుడగును? సభ చూపిన హేతువు ఇదే.

కృపను గూర్చిన తీర్మానము

అదే సంవత్సరము ఒరాంజ్ సభ, విశ్వాసపు ఆరంభము సహితము దేవుని కృపవలననే అని 25 అంశములలో ప్రకటించెను. కీడునకు ముందుగా నిర్ణయింపబడినవారున్నారను బోధను ఖండించెను. 531లో పోపు రెండవ బోనిఫేస్ దీనిని స్థిరపరచెను. లెరిన్స్ మఠాధిపతిగా ఉండిన ఫాస్టస్ బోధ దీనికి భిన్నమైనది. కాబట్టి సిజేరియస్ తాను పెరిగిన మఠపు వారసత్వమునే లేఖనములతో పరీక్షించెనని చెప్పవచ్చును.

ముగింపు

ఆయన 542 ఆగష్టు 27న మరణించెను. పాత్రలు అమ్ముటయు, బోధనాధికారమును పంచుటయు ఒకే దృష్టినుండి కలిగినవని మేము తలంచుచున్నాము. తనకు అప్పగింపబడినది ఇతరుల కొరకే అని ఆయన ఎంచెను. మన సంఘ లెక్కల పుస్తకమును, మన ప్రసంగ వేదికను ఈ కొలతతో చూచినయెడల ఏమి కనబడునో ప్రతి సేవకుడును ఆలోచింపవలెను.