జ్వరం తగ్గాక ఇంటి గంజి ఎందుకు కావాలనిపిస్తుంది?

హాస్టల్లో ఉండే మనకు జ్వరం రాగానే మొదట అమ్మ గుర్తొస్తుంది. మాత్రలు ఇక్కడా దొరుకుతాయి. అమ్మ కాచే గంజి, మెత్తటి అన్నం, మిరియాల చారు మాత్రం ఇంటి దగ్గరే. ఆ తిండిలో అంత బలం ఎక్కడిదో తెలుసుకుందాం.

ఒంటి వేడి ఒక డిగ్రీ సెల్సియస్ పెరిగితే శరీరం ఖర్చుపెట్టే శక్తి సుమారు 10 శాతం పెరుగుతుంది. అదే సమయంలో ఆకలి చచ్చిపోతుంది, నోరు చేదవుతుంది. తిండి అందకపోతే శరీరం తన కండనే కరిగించుకుంటుంది. జ్వరం తగ్గాక కూడా కాళ్ళు తేలిపోవడానికి ఇదొక కారణం. ‘లంఖణం పరమౌషధం’ అని పెద్దలన్నా, రోజుల తరబడి కడుపు మాడ్చుకోకూడదు. కొద్దికొద్దిగా, ఎక్కువసార్లు తినాలి.

మెత్తగా ఉడికిన బియ్యం తేలిగ్గా అరిగి గ్లూకోజుగా మారుతుంది. గంజిలో చిటికెడు ఉప్పు వేస్తే, ఆ గ్లూకోజు, ఉప్పులోని సోడియం కలిసి పేగుల్లోంచి రక్తంలోకి వెళుతూ నీటిని కూడా తీసుకెళ్తాయి. ఓఆర్ఎస్ ప్యాకెట్ పనిచేసేది కూడా ఈ సూత్రంతోనే. 1971లో బంగ్లాదేశ్ యుద్ధ సమయంలో పశ్చిమ బెంగాల్‌లోని బన్‌గావ్ శరణార్థుల శిబిరంలో కలరా ప్రబలింది. డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజు కలిపిన నీళ్ళు తాగించి ఎందరినో బతికించారు. అయితే విరేచనాలు ఎక్కువైతే గంజితో సరిపెట్టకుండా ఓఆర్ఎస్ తాగిస్తూ ఆసుపత్రికి తీసుకెళ్ళాలి.

కోలుకునేటప్పుడు కరిగిన కండ తిరిగి రావాలంటే మాంసకృత్తులు కావాలి. పెసరకట్టు, ఉడికించిన గుడ్డు, పెరుగన్నం అందుకు పనికొస్తాయి.

ఇంకొకటి ఉంది. ఇంట్లో అమ్మ పక్కనే కూర్చుని “ఇంకో రెండు ముద్దలు తినరా” అంటుంది. వందమందికి ఒకే గుండిగలో వండే చోట, పడుకున్నవాడు తిన్నాడో లేదో ఎవరు చూస్తారు? ఇంటికెళ్దామా అంటే, మనల్ని చూసుకోవడానికి అమ్మో నాన్నో కూలి మానుకోవాలి. మా ఇళ్ళలో డిగ్రీ చదివిన మొదటి తరం మాదే. పాఠాలు పోతాయని, ఇంట్లో కూలి పోతుందని, కబురు చేయకుండా దుప్పటి కప్పుకుని పడుకున్న రోజులు మాలో చాలామందికి ఉన్నాయి. కబురు చేద్దామన్నా ఇంట్లో అమ్మ లేనివాళ్ళూ ఉన్నారు.

కాబట్టి తమ్ముళ్ళూ, మన హాస్టల్లోనే ఒక ఏర్పాటు చేసుకుందాం. జబ్బుపడినవాడి కోసం గుప్పెడు బియ్యం విడిగా మెత్తగా ఉడికించమని వంటమనిషిని అడుగుదాం. దానికి పెద్ద ఖర్చు కాదు. గదిలో ఇద్దరు వంతులు వేసుకుని, చేతులు సబ్బుతో కడుక్కుని, దగ్గర కూర్చుని తినిపించాలి. కాచి చల్లార్చిన నీళ్ళు పక్కన పెట్టాలి. అతను ఏం తిన్నాడో, మాత్ర వేసుకున్నాడో కాగితం మీద రాయాలి. జ్వరం రాగానే వార్డెన్ గారికి చెప్పాలి. రెండు రోజుల్లో తగ్గకపోతే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి.

ఈ వార్షికోత్సవం తర్వాత మన హాస్టల్లో ఎవరికి జ్వరమొచ్చినా, అడగకముందే అతని మంచం దగ్గరికి గంజి గ్లాసు చేరాలని మా కోరిక.