కుక్క నుండి మనిషికి రేబీస్: డెబ్బై శాతం టీకా లెక్క

1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని గుర్తించిన విషయం అందరికీ తెలిసినదే. దోమలన్నింటినీ నిర్మూలించనవసరం లేదనీ, వాటి సంఖ్యను ఒక హద్దుకు దిగువకు తెస్తే మలేరియా క్రమంగా అంతరిస్తుందనీ ఆయన తరువాతి కాలంలో సమీకరణాలతో చూపారు. ఆయన పేరు పెట్టుకున్న నల్లకుంట ఫీవర్ ఆసుపత్రికే నేడు రేబీస్ రోగులను తీసుకువస్తున్నారు. ఈ వ్యాధికి కూడా అటువంటి హద్దు ఉన్నది. అది టీకా పొందిన కుక్కల నిష్పత్తిపై ఆధారపడి ఉంటుంది.

నగరానికి ఈశాన్య అంచున ఉన్న దమ్మాయిగూడ, జవహర్‌నగర్ డంపింగ్ యార్డుకు పొరుగు ప్రాంతం. ఆహార వ్యర్థాలు దొరికే చోట కుక్కలు చేరడం సహజం. 2023 ఫిబ్రవరిలో అంబర్‌పేటలో, 2024 జూలైలో జవహర్‌నగర్‌లో వీధికుక్కల దాడిలో పసిపిల్లలు మరణించిన తరువాత కుక్కలను పూర్తిగా తొలగించాలన్న డిమాండు బలపడింది. ఆ ఆవేదన న్యాయమైనదే. అయితే తొలగింపు వలన రేబీస్ తగ్గుతుందా అన్నది లెక్క వేసి చూడవలసిన ప్రశ్న.

నమూనా నిర్మాణం

గణిత నమూనాలో కుక్కలను నాలుగు వర్గాలుగా విభజిస్తారు: వ్యాధి సోకే అవకాశం గలవి, వైరస్ సోకి పొదిగే దశలో ఉన్నవి, లక్షణాలు బయటపడి వ్యాధిని వ్యాపింపజేసేవి, టీకా వలన రక్షణ పొందినవి. టాంజానియాలోని సెరెంగెటి పరిసరాలలో జరిగి 2009లో ప్రచురితమైన అధ్యయనంలో పొదిగే దశ సగటున 22 రోజులుగా, వ్యాపింపజేసే దశ సుమారు 3 రోజులుగా తేలింది. ఆ కొద్ది రోజులలో పిచ్చికుక్క సగటున రెండు కుక్కలను కరవగా, కాటుపడిన వాటిలో సుమారు సగానికి వ్యాధి వచ్చింది. ఒక రోగి నుండి సగటున ఎందరికి వ్యాధి సోకుతుందో తెలిపే ఈ విలువను ప్రాథమిక వ్యాప్తి సంఖ్య అంటారు. తట్టుకు ఇది 12కు పైగా ఉంటుంది. కుక్కల రేబీస్‌కు వివిధ దేశాలలో 1, 2 మధ్యనే ఉన్నది.

నమూనాలో మనుషులది ఐదవ వర్గం. వ్యాధి వారి వద్దనే ఆగిపోతుంది. కాటుకు గురైన వారికి వేసే టీకా ప్రాణాన్ని కాపాడుతుంది కాని, కుక్కల మధ్య సాగే వ్యాప్తిని ఆపలేదు.

డెబ్బై శాతం ఎందుకు?

ఒకటిని వ్యాప్తి సంఖ్యతో భాగించి, వచ్చినదానిని ఒకటి నుండి తీసివేస్తే రక్షణ పొందవలసిన కుక్కల కనీస నిష్పత్తి తెలుస్తుంది. వ్యాప్తి సంఖ్య 1.5 అయితే అది 33 శాతం, 2 అయితే 50 శాతం. మరి 70 శాతం లక్ష్యం ఎందుకు? కుక్కల ఆయుష్షు తక్కువ. చనిపోయిన వాటి స్థానంలో టీకా లేని పిల్లలు నిరంతరం చేరుతుంటాయి.

ఉదాహరణకు, ఒక ప్రాంతంలో 1,000 కుక్కలు ఉన్నాయనీ, ఏటా 40 శాతం కుక్కల స్థానంలో కొత్తవి వస్తాయనీ, టీకా రక్షణ ఏడాది నిలుస్తుందనీ, వ్యాప్తి సంఖ్య 1.5 అనీ అనుకొందాం. 700 కుక్కలకు టీకా వేస్తే ఏడాది చివరకు వాటిలో 420 మిగులుతాయి; రక్షణ హద్దుకు ఎగువనే ఉంటుంది. 400 కుక్కలకే వేస్తే సుమారు నాలుగు నెలలకే హద్దుకు దిగువకు జారుతుంది.

కుక్కలను తొలగిస్తే?

700 కుక్కలకు టీకా వేసిన వెంటనే ఎంపిక లేకుండా 300 కుక్కలను తరలించామనుకొందాం. వాటిలో సగటున 210 టీకా పొందినవే ఉంటాయి. ఆహార వ్యర్థాలు యథాతథంగా ఉంటే ఖాళీలోకి కొత్త కుక్కలు వస్తాయి. అప్పుడు రక్షణ 70 నుండి 49 శాతానికి పడిపోతుంది. పైగా కుక్కల సాంద్రతను బట్టి వ్యాప్తి సంఖ్య పెద్దగా మారదని క్షేత్ర ఆధారాలు తెలుపుతున్నవి. 2008లో బాలి ద్వీపంలో రేబీస్ తలెత్తినప్పుడు తొలుత కుక్కలను చంపారు. అయినా వ్యాధి ద్వీపమంతటా పాకింది. 2010లో సామూహిక టీకాలు ఆరంభించిన తరువాతనే తగ్గుముఖం పట్టింది. విస్తృతంగా టీకాలు వేసిన గోవాను 2021లో రేబీస్ నియంత్రిత ప్రాంతంగా ప్రకటించారు.

సంతాన నిరోధక శస్త్రచికిత్స కొత్త పిల్లల రాకను తగ్గించి, సాధించిన శాతాన్ని ఎక్కువ కాలం నిలుపుతుంది. 2023 జంతు జనన నియంత్రణ నియమాలు శస్త్రచికిత్సను, టీకాను జతచేయడంలోని ప్రయోజనం ఇదే. అయితే టీకా దాడులను ఆపదు. దానికి వ్యర్థాల నిర్వహణ, దూకుడు కుక్కల గుర్తింపు వేరుగా జరగాలి.

క్షేత్రస్థాయి సూచనలు

• టీకా వేసిన కుక్కలకు రంగు గుర్తు పెట్టి, మరునాడు వీధులలో గుర్తు ఉన్నవి, లేనివి లెక్కించి సాధించిన శాతాన్ని అంచనా వేయాలి. చెవి కత్తిరింపు శస్త్రచికిత్సకు గుర్తు మాత్రమే. ఈ ఏటి టీకాకు రుజువు కాదు.

• ఉప్పల్, నాచారం, దమ్మాయిగూడ వంటి ఇరుగుపొరుగు ప్రాంతాలలో ఒకేసారి టీకాలు వేయాలి. కుక్కలకు వార్డుల సరిహద్దులు తెలియవు. మధ్యలో విడిచిన చోట వ్యాధి నిలిచి ఉంటుంది.

• కాటు పడిన వెంటనే గాయాన్ని సబ్బుతో, ధారగా పడే నీటితో 15 నిమిషాలు కడగాలి. అదే రోజు టీకా ఆరంభించాలి. రక్తం వచ్చిన గాయాలకు ఇమ్యునోగ్లోబ్యులిన్ కూడా అవసరం. లక్షణాలు కనిపించిన తరువాత మరణం దాదాపు తప్పదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం రేబీస్ మరణాలలో మూడింట ఒక వంతుకు పైగా భారతదేశంలోనే సంభవిస్తున్నవి. కాటుకు గురయ్యేవారిలో పిల్లలు కూడా గణనీయంగా ఉంటారు. 2030 నాటికి కుక్కల ద్వారా వచ్చే రేబీస్‌ను నిర్మూలించాలన్నది 2021లో ప్రకటించిన జాతీయ కార్యాచరణ ప్రణాళిక లక్ష్యం. ఎన్ని టీకాలు వేశామన్న లెక్కతో పాటు, ఏడాది చివరకు ఎంత శాతం కుక్కలకు రక్షణ మిగిలిందన్న లెక్కను కూడా విస్తరణ సిబ్బంది ప్రతి ప్రాంతంలో నమోదు చేయవలసి ఉన్నది.